అరువు తుపాకుల నుండి ఆయుధశాల దాకా: రేమండ్ జీవితం

అనంతపురం పీఠభూమికి దక్షిణపు అంచున, హిందూపురానికి సమీపాన లేపాక్షి ఉన్నది. వానలు అరుదుగా పలకరించే ఆ నేలలో నీటికి కొరత గాని రాతికి కొరత లేదు. కూర్మశైలమనే ఆ కొండగుట్టపై పదహారవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుగొండ రాజ్యాధికారి విరూపణ్ణ వీరభద్రాలయాన్ని తీర్చిదిద్దించాడు. నేలను పూర్తిగా తాకని స్తంభమూ, ఇరవై ఏడు అడుగుల పొడవున ఒకే శిలలో మలచిన నందీ ఆనాటి శిల్పుల నేర్పుకు నేటికీ సాక్ష్యం చెబుతున్నాయి. ఇంతటి శిల్పాన్ని తన మనుషులతోనే సృష్టించుకొన్న ఆ రాజ్యం యుద్ధసాధనాల విషయంలో మాత్రం పరదేశుల వైపు చూడవలసి వచ్చింది. గుర్రాలు సముద్రం దాటి వచ్చేవి. 1520లో రాయచూరు కోటను ముట్టడించినప్పుడు శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిదారులు నిలిచారు. దూరదేశాల నుండి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించి, అవి శత్రువుల చేతికి చిక్కకుండా చూసుకోవాలని రాయలవారు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో చెప్పడం వెనుక ఉన్నది ఈ అనుభవమే.

ఇతరుల నుండి తెచ్చుకొన్న బలం ఎంతకాలం నిలుస్తుంది? ఆయుధం కొనుక్కోవడం వేరు, దానిని తయారు చేసుకోవడం వేరు అన్న సత్యాన్ని తెలుగునేల మీద ఆచరణలో చూపిన వ్యక్తి ఒకడు పద్దెనిమిదవ శతాబ్ది చివర కనిపిస్తాడు. ఆయన తెలుగువాడు కాడు, భారతీయుడూ కాడు. ఫ్రాన్సు దేశస్థుడు. పేరు మిషెల్ జోకిం మారీ రేమండ్. ఆయన ఉత్థానపతనాలతో లేపాక్షి సీమ భవితవ్యం కూడ ముడిపడి ఉన్నది.

రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో సెరిన్యాక్ అనే గ్రామంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. ఇరవై ఏండ్ల వయస్సులో, 1775లో, సరకులతో ఓడ ఎక్కి పుదుచ్చేరి చేరుకొన్నాడు. వ్యాపారం చేసుకొని ధనం గడించడమే అప్పటి ఆలోచన. కాని దక్షిణాపథంలో ఆనాడు అంగడి కన్న యుద్ధరంగమే త్వరగా మనిషిని పైకి తెచ్చేది. ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ ఒకరినొకరు వెళ్ళగొట్టాలని చూస్తున్నారు. మైసూరులో హైదర్ అలీ, పూనాలో మరాఠాలు, హైదరాబాదులో నిజాము ఒకరిపై ఒకరు కన్నువేసి ఉన్నారు. యూరోపియన్ పద్ధతిలో సైనికులకు శిక్షణ ఇవ్వగలవానికి ప్రతి దర్బారులోనూ పీట వేసేవారు. రేమండ్ తక్కెడ వదలి కత్తి పట్టాడు.

1783లో వృద్ధుడైన బుస్సీ తిరిగి భారతదేశానికి వచ్చాడు. 1757లో బొబ్బిలి కోటను కూల్చిన సేనలకు నాయకుడు ఈ బుస్సీయే. ఆయన దగ్గర రేమండ్ సహాయక సేనాధికారిగా పని చేశాడు. హైదరాబాదు దర్బారు లోతుపాతులు బుస్సీకి తెలిసినంతగా మరొక ఫ్రెంచివానికి తెలియవు. ఆయన సాన్నిధ్యం రేమండ్‌కు పాఠశాల అయింది. 1785 జనవరిలో బుస్సీ మరణించాడు. మరుసటి సంవత్సరం రేమండ్ నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

కొలువైతే దొరికింది గాని సైన్యం లేదు. ఆయన తొలి పటాలంలో ఉన్నవారు మూడు వందల మంది మాత్రమే. వారి చేతులలోని తుపాకులు కూడ వారివి కావు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని ఆనాటి ఆంగ్లాధికారుల రచనల వలన తెలుస్తున్నది. పెండ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకొన్నట్లు యుద్ధానికి తుపాకులు అద్దెకు తెచ్చుకొన్న స్థితి అది. ఆయుధం పోయినా, పాడైనా నష్టం తనదే. వర్తకుడు ఇవ్వనంటే సేన అంతా ఉత్త చేతులతో నిలబడవలసిందే. ఈ నిస్సహాయతను తొలగించుకోవడమే రేమండ్ జీవితకార్యంగా మారింది.

ఆయన సాధించినదాని విలువ గ్రహించాలంటే ఆనాటి ఆయుధాల తీరు కొంత తెలియాలి. ఆ కాలపు తుపాకి చెకుముకి తుపాకి. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, గజం అనే కడ్డీతో దట్టించాలి. గొట్టం పక్కన ఉన్న చిన్న దొప్పలో రంజకమనే సన్నని మందు చల్లాలి. మీట నొక్కగానే చెకుముకిరాయిని కరచిపట్టుకొన్న గుర్రం ముందుకు దూకి ఉక్కుపలకను కొడుతుంది. నిప్పురవ్వలు రంజకంలో పడి, సన్నని రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకొంటాయి. గుండు వెడలుతుంది. ఇదే యంత్రాన్ని కురచగా, ఒంటిచేత పట్టుకొనే విధంగా చేస్తే అది పిస్తోలు. గుర్రపు రౌతుకు కళ్ళెం వదలకుండా పేల్చే ఆయుధం అవసరం కాబట్టి పిస్తోలు పుట్టింది. అయితే గొట్టం కురచ అయినకొద్దీ గుండు వేగమూ గురీ తగ్గుతాయి. మందు పెంచుదామంటే పలుచని గొట్టం పగిలి ప్రయోగించినవానికే ప్రమాదం తెస్తుంది. బరువు తగ్గాలి, బలం తగ్గరాదు. చిన్న పిస్తోలుకైనా పెద్ద ఫిరంగికైనా ఆయుధశిల్పికి ఎదురయ్యే చిక్కు ఇదే.

ఫిరంగుల విషయంలో ఈ చిక్కును ఆ శతాబ్దంలో విప్పినవారు ఫ్రెంచివారే. పూర్వం బంకమట్టి మూసలో మధ్యన ఒక కండె నిలిపి, చుట్టూ కరగిన కంచు పోసి, బోలుగా గొట్టాన్ని తయారు చేసేవారు. కండె వెంట్రుకవాసి పక్కకు జరిగినా గొట్టం వంకర అయ్యేది. తరువాత ఫిరంగిని గట్టి దిమ్మెగా పోతపోసి, ఆపై దానిని తిప్పుతూ తొలిచే పద్ధతి వచ్చింది. దానితో రంధ్రం తిన్నగా వచ్చింది. గుండుకూ గొట్టానికీ మధ్య సందు తగ్గింది. సందు తగ్గితే మందు శక్తి వృథా కాదు. శక్తి వృథా కాకపోతే తక్కువ మందు చాలు. తక్కువ మందు చాలితే గొట్టం మందాన్నీ పొడవునూ తగ్గించవచ్చు. 1765 నుండి గ్రిబోవాల్ అనే సేనాధికారి ఫ్రెంచి ఫిరంగిదళాన్ని ఈ సూత్రంపైనే సంస్కరించాడు. పన్నెండు పౌన్ల గుండు వేసే ఫిరంగి గొట్టం బరువు సుమారు 3,200 పౌన్ల నుండి 1,800 పౌన్లకు తగ్గింది. బండ్లూ, ఇరుసులూ, చక్రాలూ ఒకే కొలతకు వచ్చాయి. ఒక బండి విరిగితే మరొక బండి చక్రం దానికి సరిపోయేది. కోటగోడ మీద కూర్చుండే ఫిరంగి యుద్ధరంగంలో సేనతోపాటు పరుగెత్తగలిగింది. రేమండ్ యౌవనం గడిచినది ఈ భావాలు ఫ్రెంచి సైన్యంలో వేళ్ళూనుకొన్న రోజులలోనే.

మన భాషలో ఫిరంగి అన్న మాట కూడ ఈ చరిత్రనే చెబుతుంది. ఐరోపావారిని పారశీకులు ఫరంగీలు అన్నారు. వారు తెచ్చిన ఆయుధానికి ఆ జాతిపేరే నిలిచి ఫిరంగి అయింది. వస్తువుతోపాటు పేరూ అరువుగా వచ్చిందన్నమాట. ఆ అరువును తీర్చే పని ఒక ఫరంగీ చేతి మీదుగానే మొదలు కావడం చరిత్రలోని వింత.

1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధంలో నిజాము సేనలతో కలిసి రేమండ్ పటాలాలు పాల్గొన్నాయి. యుద్ధానంతరం కడప మొదలైన సీమలు నిజాముకు దక్కాయి. రేమండ్ దళం ఏటేటా పెరిగి వేల సంఖ్యకు చేరింది. ఆ సేన ఫ్రెంచి విప్లవపు మూడురంగుల పతాకాన్ని ఎగురవేసేది. జీతం ఇచ్చేవాడు నవాబు, సైనికులు దక్కను ప్రజలు, జెండా మాత్రం పారిస్ నగరానిది. ఈ వైరుధ్యం ముందుముందు ఎంత కీడు తెచ్చిందో చూడగలం.

1795 మార్చిలో నేటి మహారాష్ట్రలోని ఖర్డా వద్ద నిజాముకూ మరాఠాలకూ యుద్ధం జరిగింది. నిజాము కొలువులో ఉన్న ఇంగ్లీషు పటాలాలను ఈ పోరులో దింపడానికి కంపెనీ అంగీకరించలేదు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. రేమండ్ పటాలాలు క్రమం తప్పకుండా నిలిచి పోరాడుతుండగానే నిజాము వెనుకకు మరలి, వారినీ వెనుకకు రమ్మని ఆజ్ఞాపించాడు. రాత్రి చీకటిలో సేన చెల్లాచెదరయింది. నిజాము ఖర్డా కోటలో చిక్కుకొని, నీటికి సైతం కటకటలాడి, చివరకు సంధికి తలవంచాడు. దౌలతాబాదు కోటను, మరికొంత భూభాగాన్ని వదులుకొన్నాడు. మూడు కోట్ల రూపాయలు చెల్లించడానికి ఒప్పుకొన్నాడు. తన ప్రధానమంత్రినే బందీగా అప్పగించాడు.

ఓడినది నిజాము. రేమండ్ ప్రతిష్ఠ మాత్రం పెరిగింది. ఆపదలో ఆదుకోని ఇంగ్లీషు పటాలాలను నిజాము పంపివేశాడు. అంతలోనే నిజాము కుమారుడు అలీ జా తండ్రిపై తిరుగుబాటు చేయగా, దానిని అణచివేయడానికి రేమండ్‌నే పంపవలసి వచ్చింది. ఆయన ఆ పనిని చేసుకొని వచ్చాడు. దర్బారు ఆయనకు యుద్ధంలో మహాసర్పం వంటివాడన్న అర్థంలో అజ్‌దర్ జంగ్ అనే బిరుదునిచ్చింది. 1796లో ఆయుధసామగ్రి పర్యవేక్షణ కూడ ఆయన చేతికి వచ్చింది.

ఈ నమ్మకం బలంతోనే రేమండ్ 1795లో హైదరాబాదులో, నేటి ఫతేమైదాన్ సమీపంలో, ఫిరంగులను పోతపోసే కర్మాగారాన్ని నెలకొల్పాడు. ప్రజలు దానిని తోప్ కా సాంచా, అనగా ఫిరంగి అచ్చు అన్నారు. ఇంగ్లీషులో అది గన్‌ఫౌండ్రీ అయింది. ఇటుకతో, సున్నంతో కట్టిన ఆ దిట్టమైన కట్టడపు అవశేషం నేటికీ నిలిచి ఉన్నది. దాని చుట్టూ ఉన్న పేటను నగరవాసులు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పదేండ్ల క్రితం తుపాకికి ఎనిమిది అణాలు అద్దె చెల్లించినవాడు ఇప్పుడు తన సేనకు కావలసిన ఫిరంగులను తానే పోయించగలుగుతున్నాడు. కంచు కరగించేవారు, మూసలు కట్టేవారు, గొట్టాలు తొలిచేవారు, బండ్లు చేసే వడ్రంగులు, కమ్మరులు ఒక్కచోట కలిసి పనిచేసే ఏర్పాటు అది. దక్కనులో లోహవిద్య కొత్తది కాదు. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా దాకా పేరు పొందింది. లోపించినది నేర్పు కాదు, ఆ నేర్పును ఒక కొలతకు, ఒక క్రమానికి తెచ్చే వ్యవస్థ. రేమండ్ ఇచ్చినది దానిని.

సైనికులకు జీతం వేళకు ఇప్పించడంలోనూ, మతభేదం లేక అందరినీ ఆదరించడంలోనూ ఆయనకు మంచి పేరుండేది. మొస్యే రేమండ్ అన్న ఫ్రెంచి మాట జనుల నోళ్ళలో నలిగింది. హిందువులు ఆయనను మూసా రాం అన్నారు. ముస్లిములు మూసా రహీం అన్నారు. ఒక క్రైస్తవుణ్ణి రామునిగా, రహీముగా ఎవరికివారు తమవాణ్ణి చేసుకొన్నారు. నేటి మూసారాంబాగ్ పేరులో ఆ ఆప్యాయత ఇంకా వినిపిస్తుంది.

కంపెనీవారికి ఈ ఎదుగుదల కంటగింపయింది. ఫ్రాన్సులో నెపోలియన్ తలెత్తుతున్నాడు. టిప్పు ఫ్రెంచివారితో స్నేహం నెరపుతున్నాడు. హైదరాబాదులో పదునాలుగు వేల మందికి పైగా శిక్షితులైన సైనికులు ఫ్రెంచి జెండా కింద, సొంత ఫిరంగులతో నిలిచి ఉన్నారు. ఇంతలో 1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై రెండు సంవత్సరాలు. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్య అని కొందరు అనుకొన్నారు. నిజం ఆయనతోనే సమాధి అయింది. నగరానికి తూర్పున, సరూర్‌నగర్ సమీపంలోని గుట్టపై ఆయనను ఖననం చేశారు. అక్కడ నల్లరాతితో ఎత్తైన స్మారకస్తంభం నిలిపారు. దానిపై ఆయన పేరులోని రెండక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. ఆయన వర్ధంతినాడు హిందువులూ ముస్లిములూ అక్కడ చేరి నివాళులర్పించే ఆచారం తరతరాలు సాగింది.

ఆయన మరణించిన నెలరోజులకే వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా మద్రాసు రేవులో దిగాడు. రేమండ్ స్థానంలోకి వచ్చిన పీరోన్‌కు ఆయన చాకచక్యం లేదు. సైనికుల జీతాలు బకాయి పడ్డాయి. 1798 సెప్టెంబరు 1న నిజాము సైన్యసహకార ఒప్పందంపై సంతకం చేశాడు. కంపెనీ పటాలాలు ఆరింటిని హైదరాబాదులో నిలుపుకొని, వాటికై ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో బకాయిల కోసం సిపాయిలు తమ అధికారులపైనే తిరగబడ్డారు. ఆ అదనున, 22వ తేదీన, కంపెనీ సేనలు దండుశిబిరాన్ని చుట్టుముట్టాయి. పొద్దుగూకేలోపల వేలాది సైనికులు ఆయుధాలు కింద పెట్టారు. రక్తం చిందలేదు. రేమండ్ పన్నెండేండ్లు శ్రమించి కట్టిన సేన ఒక్క పగటిలో మాయమయింది. ఫిరంగులలో లోపం లేదు. వాటి వెనుక నిలిచిన మనుషుల ఆకలిని పట్టించుకొన్నవారు లేకపోయారు. ఎంతటి కర్మాగారమైనా ఒక్క మనిషి ఊపిరిపై ఆధారపడితే ఆ ఊపిరితోనే ఆగిపోతుంది.

దీని ఫలితం హైదరాబాదు పొలిమేరలు దాటింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు రాజ్యంలోని కొంత భాగం నిజాముకు వచ్చింది. కాని కంపెనీ సేనల ఖర్చు అంతకంతకూ పెరిగింది. నగదు చెల్లించడానికి బదులుగా 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో, 1792లోనూ 1799లోనూ తనకు దక్కిన మైసూరు భూములను నిజాము కంపెనీకి ధారపోశాడు. కడప, బళ్ళారి, అనంతపురం సీమలు ఆ విధంగా చేతులు మారాయి. లేపాక్షి ఉన్న ప్రాంతం కూడ ఆ లెక్కలోనిదే. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురం కేంద్రంగా పాలన సాగించాడు. ఈ జిల్లాలకు దత్తమండలాలనే పేరు స్థిరపడింది. తమను అడగకుండా తమను ఇచ్చివేశారన్న బాధ ఆ పేరులో ఉన్నది. అందుకే 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరును సూచించగా ప్రజలు సంతోషంతో స్వీకరించారు. సొంత సైన్యాన్ని పోగొట్టుకొన్న రాజు అద్దెసైన్యానికి చెల్లించిన కిరాయి, ఈ కరవుసీమ రైతుల నేల. తుపాకికి ఎనిమిది అణాలతో మొదలైన కథ ఎక్కడికి చేరిందో చూడండి.

రేమండ్‌ను దేశభక్తునిగా కీర్తించవలసిన పని లేదు. ఆయన జీతం కోసం, కీర్తి కోసం, తన దేశ ప్రయోజనం కోసం పనిచేశాడు. విశ్వాసంతో పనిచేశాడు గనుక ప్రజలు గుర్తుంచుకొన్నారు. ఆయుధం గొప్పదని చెప్పడం కూడ ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆయుధం మనిషిని చంపడానికి పుట్టినది. దానిని ప్రయోగించవలసిన అవసరమే రాకుండా చూసుకొనే పాలన అన్నిటికన్న మేలైనది. అయితే ఆత్మరక్షణకు ఇతరులపై ఆధారపడినవానికి సంధి షరతులు రాసుకొనే స్వేచ్ఛ ఉండదన్నది మాత్రం చరిత్ర నిరూపించిన విషయం.

స్వాతంత్ర్యానంతరం ఆ నగరమే మళ్ళీ ఆయుధనిర్మాణానికి నెలవు కావడం గమనించదగినది. 1970లో భారత్ డైనమిక్స్ సంస్థ హైదరాబాదులో ఏర్పడింది. 2021 జనవరిలో మన సైన్యమూ, రక్షణ పరిశోధన సంస్థా కలిసి అస్మి అనే చిన్న యంత్రపిస్తోలును రూపొందించినట్లు ప్రకటించాయి. కురచ గొట్టం, తేలికైన శరీరం, తగ్గని బలం అన్న పాత చిక్కుకు అది కొత్త సమాధానం. విమానాలకు వాడే అల్యూమినియంతో పైభాగమూ, కర్బనతంతువుతో కింది భాగమూ చేశారు. మీటలోని కొన్ని భాగాలకు త్రిమితీయ ముద్రణను ఉపయోగించారు. దానిని తయారు చేసినది హైదరాబాదులోని ఒక యంత్రపరికరాల సంస్థ. 2024లో 550 పిస్తోళ్ళు సైన్యానికి అందాయి. అస్మి అన్న సంస్కృతపదానికి ఉన్నాను అని అర్థం. ఎవరి దయ మీదనో కాక తన కాళ్ళ మీద తాను ఉన్నానని చెప్పగలగడమే ఆ పేరులోని స్వారస్యం.

మూసారాంబాగ్ మీదుగా పోయేవారిలో ఆ పేరు ఒక ఫ్రెంచి సేనానిదని ఎరిగినవారు కొందరే ఉంటారు. 2001లో వానలకు ఆయన సమాధి వద్ద ఉన్న స్తంభాల మండపం కూలిపోగా తరువాత తిరిగి కట్టారు. రాతికట్టడాన్ని మళ్ళీ నిలబెట్టవచ్చు. చెదరిన నేర్పరుల సమూహాన్ని, సడలిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడం అంత సులభం కాదు. ఒక పనిని నేర్చుకొన్నవారు దానిని పదిమందికి నేర్పి, తమ తరువాత కూడ అది సాగే మార్గం చూపి వెళ్ళాలి. రేమండ్ సాధించినది మనకు ఎంత ఉపదేశమో, ఆయన సాధించలేక వదలివెళ్ళినదీ అంతే ఉపదేశం.